మత్తుమందు ఒంటరిగా రాదు

పన్ను పీకే ముందు డాక్టరు చిగురులోకి ఎక్కించే మందు మామూలుగా రెండు మిల్లీలీటర్లకు అటూ ఇటూ. ఆ సీసా మీది సన్నని అక్షరాలు చదివితే లోపల ఉన్నది ఒక్క మందు కాదని తెలుస్తుంది. నొప్పి తెలియకుండా చేసే లిగ్నోకెయిన్ 2 శాతం. దాని పక్కనే 1:80,000 పాళ్లలో అడ్రినలిన్. ఆ అడ్రినలిన్ ఆక్సిజన్ తగిలి పాడవకుండా సోడియం మెటాబైసల్ఫైట్. ఒకే సీసాలోంచి పలుమార్లు తీసి వాడేదైతే, సూక్ష్మజీవులు పెరగకుండా మిథైల్‌పారాబెన్ కూడా. సిజేరియన్‌కు వెన్నులో ఇచ్చే మందులో చక్కెర కలిపి ఉంటుంది. శుక్లం ఆపరేషన్‌కు కంటి పక్కన ఇచ్చే సూదిమందులో పశువుల వృషణాల నుంచి తీసిన ఎంజైమ్ ఉంటుంది.

పేరు మాత్రం లిగ్నోకెయిన్‌దో, బ్యుపివకెయిన్‌దో. మిగతా మందుల సంగతి రోగికి ఎవరూ చెప్పరు, రోగీ అడగడు. కానీ మత్తు సరిగ్గా పట్టడం, ఎంతసేపు నిలవడం, సూది వేసేటప్పుడు మంట పుట్టడం, వేశాక గుండె దడదడలాడటం చాలావరకు ఈ తోడు మందుల చేతిలోనే ఉన్నాయి. బీపీకో, మైగ్రేన్‌కో మనం రోజూ మింగే మాత్రలకు వీటితో పొత్తు కుదరకపోవచ్చు కూడా. అందుకే ఈ తోడు మందుల సంగతి రోగికి తెలిసి ఉండాలంటాను.

నొప్పి నరం వెంట పరుగెత్తే విద్యుత్ సంకేతం. నరం పొరలో సోడియం అయాన్లను లోపలికి వదిలే అతి సూక్ష్మమైన మార్గాలు ఉంటాయి. అవి ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటూ పోతేనే సంకేతం మెదడుకు చేరుతుంది. లిగ్నోకెయిన్ నరంలోకి చొరబడి, లోపలి వైపు నుంచి ఆ మార్గాలకు అడ్డం పడుతుంది. సంకేతం అక్కడే ఆగిపోతుంది. అయితే సోడియం మార్గాలు పంటి నరంలోనే కాదు, గుండెలోనూ మెదడులోనూ ఉన్నాయి. గుండె లయ తప్పినప్పుడు ఇదే లిగ్నోకెయిన్‌ను రక్తనాళంలోకి ఇచ్చి సరిచేయడం దశాబ్దాలుగా ఉన్న వైద్యం. అదే మోతాదు మించి రక్తంలో కలిస్తే ఫిట్స్ వస్తాయి, గుండె ఆగే ప్రమాదమూ ఉంది. ఎక్కడ పనిచేయాలో ఆ మందుకు తెలియదు. పెట్టిన చోట దాన్ని నిలపడం, అక్కడ మాత్రమే పనిచేయించడం వైద్యుల పని. నూట నలభై ఏళ్లుగా తోడు మందుల కోసం జరిగిన వెతుకులాట చాలావరకు దాని కోసమే.

ఈ వెతుకులాట కొకెయిన్‌తో మొదలైంది. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే యువ వైద్యుడు కొకెయిన్ ద్రావణాన్ని ముందు కప్ప కంట్లో, తర్వాత ఇతర జంతువుల కళ్లలో, ఆపైన తన కంట్లోనే వేసి చూశాడు. కంటి మీద గుండుసూది తాకించినా తెలియలేదు. ఆ సెప్టెంబరులో హైడెల్‌బెర్గ్‌లో కంటి వైద్యుల సభ జరిగితే, వెళ్లడానికి దారి ఖర్చులు లేక తన పత్రాన్ని జోసెఫ్ బ్రెటావర్ అనే మరో వైద్యుడి చేత చదివించాడు. కొన్ని నెలల్లోనే ఆ వార్త ప్రపంచమంతా పాకింది. న్యూయార్క్‌లో విలియం హాల్‌స్టెడ్ దవడ నరం దగ్గర కొకెయిన్ ఎక్కించి కింది దవడను ఒక వైపంతా మొద్దుబార్చవచ్చని చూపించాడు. ఆ ప్రయోగాలు తన మీదే చేసుకుంటూ కొకెయిన్‌కు బానిసయ్యాడు. ఆధునిక శస్త్రచికిత్సకు ఎంతో చేసిన ఆ మనిషి జీవితాంతం మత్తుపదార్థాలతో పోరాడాల్సి వచ్చింది.

కొకెయిన్‌కు ఒక సుగుణం ఉంది. అది పెట్టిన చోట రక్తనాళాలను బిగదీస్తుంది. అందువల్ల తొందరగా కొట్టుకుపోదు. అయినా సరిపోక 1885లో న్యూయార్క్ వైద్యుడు జేమ్స్ లెనార్డ్ కార్నింగ్ చేతికో కాలికో గట్టిగా కట్టు కట్టి, రక్త ప్రవాహాన్ని ఆపి చూశాడు. మత్తు ఇంకా ఎక్కువసేపు నిలిచింది. అంటే మత్తును దింపేస్తున్నది రక్త ప్రవాహమే. ఆ సూత్రం అలా తేలింది కానీ, కట్టు కట్టడం చేతులకూ కాళ్లకూ కుదురుతుంది. చిగురుకు, ముఖానికి ఎలా కడతారు?

జవాబు 1901లో దొరికింది. న్యూయార్క్‌లో ప్రయోగశాల పెట్టుకున్న జపాన్ రసాయన శాస్త్రవేత్త జోకిచి తకామినే అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్‌ను శుద్ధమైన స్ఫటికాలుగా తీసిన సంగతి ప్రకటించాడు. అది రక్తనాళాలను అసాధారణంగా బిగదీస్తుంది. రెండేళ్లలోనే, 1903లో, లైప్‌జిగ్ శస్త్రవైద్యుడు హైన్రిక్ బ్రౌన్ దాన్ని కొకెయిన్‌లో చుక్కలు చుక్కలుగా కలిపి, ఇది రసాయనంతో వేసే కట్టు అని రాశాడు. కొకెయిన్ మోతాదు బాగా తగ్గింది. మత్తు నిలిచే సమయం పెరిగింది. 1904లో ఆల్ఫ్రెడ్ ఐన్‌హార్న్ తయారుచేసిన ప్రొకెయిన్‌ను, అంటే నోవోకెయిన్‌ను, మరుసటి ఏడాది ప్రచారంలోకి తెచ్చింది కూడా బ్రౌనే. ప్రొకెయిన్‌కు అలవాటు చేసే గుణం లేదు. కానీ అది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, దాంతో తనను తానే కడిగేసుకుంటుంది. అడ్రినలిన్ తోడు లేకపోతే ప్రొకెయిన్ అంతగా వాడుకలోకి వచ్చి ఉండేది కాదని నా అభిప్రాయం.

1943లో స్టాక్‌హోమ్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ లిగ్నోకెయిన్‌ను తయారుచేశాడు. ఆయన దగ్గర చదువుకుంటున్న బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ దాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకుని పరీక్షించాడు. 1948లో జైలోకెయిన్ అనే పేరుతో అది బజారులోకి వచ్చింది. నేటికీ పంటి వైద్యంలో దాన్ని మించి వాడే మత్తుమందు లేదు. ఆ లిగ్నోకెయిన్‌దీ అదే స్వభావం, రక్తనాళాలను కొంత వెడల్పు చేస్తుంది. తోడు లేని 2 శాతం లిగ్నోకెయిన్‌ను చిగురులో వేస్తే పంటి లోపలి గుజ్జు అయిదు పది నిమిషాలు మాత్రమే మొద్దుబారుతుంది. అడ్రినలిన్ కలిపితే అదే మందు గంటసేపు పనిచేస్తుంది. పెదవి, చెంప మూడు నుంచి అయిదు గంటలు మొద్దుగానే ఉంటాయి. రక్తంలోకి మెల్లగా చేరుతుంది కాబట్టి ఇవ్వగల మోతాదు కూడా పెరుగుతుంది. తోడు లేనప్పుడు బరువులో కిలోకు 4.5 మిల్లీగ్రాములు, తోడుంటే 7 అని సాధారణంగా పాటించే పరిమితి. అరవై కిలోల మనిషికి 2 శాతం ద్రావణంలో ఇది పదమూడున్నర మిల్లీలీటర్లకూ ఇరవై ఒకటికీ ఉన్న తేడా. పది కిలోల పసివాడికైతే తోడు లేని మందు రెండు మిల్లీలీటర్లు దాటి కాస్త పోయేసరికే హద్దు వచ్చేస్తుంది. పిల్లల మోతాదు దగ్గర డాక్టర్లు బరువు అడిగి లెక్క కట్టేది అందుకే.

1:80,000 అంటే మిల్లీలీటరులో పన్నెండున్నర మైక్రోగ్రాముల అడ్రినలిన్. ఇంత తక్కువేనా అనిపిస్తుంది గానీ, పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే ఒక్క నిమిషంలో గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. చాలామంది దీన్ని మత్తు పడలేదని, అలర్జీ అని చెప్పుకుంటారు. నిజానికి లిగ్నోకెయిన్ జాతి మందులకు అసలైన అలర్జీ చాలా చాలా అరుదు. దడ పుట్టించింది అడ్రినలిన్ కావచ్చు. సూది చూసి భయంతో కళ్లు తిరిగి పడటం ఇంకా మామూలు సంగతి. ఉబ్బసం ఉన్న కొందరికి మెటాబైసల్ఫైట్ పడదు. మరికొందరికి పారాబెన్ పడదు. దేనివల్ల వచ్చిందో తేల్చుకోకుండా ‘నాకు మత్తు పడదు’ అనే ముద్ర వేసుకుని జీవితాంతం పన్ను నొప్పి భరించేవాళ్లు నాకు తెలుసు. వాళ్ల విషయంలో నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే అలర్జీ నిపుణుడి దగ్గర పరీక్ష చేయించుకుంటే చాలామందికి ఆ ముద్ర తొలగిపోతుంది.

బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు అడ్రినలిన్ ఇవ్వకూడదనేది మరో గట్టి నమ్మకం. నిజానికి గుండె రోగులకు ఒక విడతలో 40 మైక్రోగ్రాములు మించకూడదని దంతవైద్యులు పాటించే హద్దు ఉంది. 1:80,000 మందులో అది సుమారు మూడు మిల్లీలీటర్లు, ఒక పన్ను పీకడానికి చాలినంత. దానికి బదులు తోడు లేని మందు ఇస్తే మత్తు మధ్యలో దిగిపోతుంది. అప్పుడు నొప్పికీ భయానికీ రోగి సొంత గ్రంథులే సిరంజిలో ఉన్నదానికంటే ఎక్కువ అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. సూది రక్తనాళంలో లేదని వెనక్కి లాగి చూసుకుని, మెల్లగా, తక్కువ మోతాదులో ఇవ్వడం ఎక్కువమందికి మేలు. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, థైరాయిడ్ బాగా ఎక్కువైనవాళ్లు మాత్రం వేరే లెక్క. అలాగే మైగ్రేన్‌కో చేతుల వణుకుకో ప్రొప్రనలాల్ వాడేవాళ్లలో అడ్రినలిన్ బీపీని ఒక్కసారిగా పెంచి నాడిని మందగింపజేయవచ్చు. నిద్రకో నరాల నొప్పికో అమిట్రిప్టిలిన్ మింగేవాళ్లలో దాని ప్రభావం పెరుగుతుంది. డాక్టరు ‘ఏమైనా మందులు వాడుతున్నారా’ అని అడిగితే ‘బీపీకి ఏదో చిన్న మాత్ర’ అని సరిపెట్టకుండా చీటీ చేతిలో పెట్టాలి.

అడ్రినలిన్ గుండెతో ఎలా ఆడుకోగలదో తేలిన చరిత్రలో హైదరాబాద్ పేరు వినిపిస్తుంది. 1888లో, 1889లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో, ఎడ్వర్డ్ లారీ నాయకత్వంలో క్లోరోఫామ్ మీద రెండు కమిషన్లు ఇక్కడ పనిచేశాయి. రెండోదానికి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్‌ను పంపింది. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్ వల్ల ముందు ఆగేది ఊపిరే, గుండె నేరుగా దెబ్బతినదు, ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలునని తేల్చారు. లారీ దాన్ని కడదాకా గట్టిగా నమ్మాడు. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ, తేలికపాటి క్లోరోఫామ్ మత్తులో ఉన్న పిల్లులకు అడ్రినలిన్ ఇస్తే వాటి గుండె లయ తప్పి ఆగిపోతుందని చూపించాడు. క్లోరోఫామ్ గుండెను అడ్రినలిన్‌కు అతి సున్నితంగా మార్చేస్తుంది. సగం మత్తులో భయపడిన రోగి సొంత అడ్రినలిన్ కూడా చాలు. హైదరాబాద్ నిర్ణయం తప్పని తేలింది కానీ, ఒక మందు ప్రమాదాన్ని వాదనలతో గాక పెద్ద ఎత్తున ప్రయోగాలతో తేల్చాలని అప్పట్లో ఇంత ఖర్చు పెట్టిన ఊరు హైదరాబాద్ అని గుర్తుచేసుకోవడం తప్పు కాదు.

వేళ్లకు అడ్రినలిన్ ఇవ్వకూడదని వైద్య విద్యార్థులకు తరాలుగా నేర్పారు. వేలి రక్తనాళాలు సన్నవి, బిగుసుకుంటే వేలు కుళ్లిపోతుందని. ఆ నిషేధానికి ఆధారాలేమిటని కొందరు చేతి శస్త్రవైద్యులు పాత నివేదికలు తవ్వారు. వేలు పోయిన కేసులు ఎక్కువగా 1950కి ముందువి, ప్రొకెయిన్ కాలానివి. నిల్వ ఉన్న ప్రొకెయిన్ బాగా ఆమ్లంగా మారుతుంది. లిగ్నోకెయిన్‌తో అడ్రినలిన్ ఇచ్చి వేలు పోయిన కేసు అందులో కనిపించలేదు. 2005లో కెనడాలో డోనాల్డ్ లలోండ్ బృందం వేళ్లకూ చేతికీ అడ్రినలిన్ ఇచ్చి చేసిన 3,110 వరుస కేసులను ప్రచురించింది. ఒక్క వేలూ పోలేదు. బిగుసుకున్న నాళాలను వదులు చేయడానికి ఫెంటోలమైన్ అనే విరుగుడు ఇప్పుడు ఉంది. దాంతో చేతి ఆపరేషన్ల తీరే మారింది. లిగ్నోకెయిన్, అడ్రినలిన్ కలిపి ఇచ్చి, అరగంట ఆగితే రక్తం దాదాపు రాదు. చేతికి కట్టు అక్కర్లేదు, రోగిని నిద్రపుచ్చనక్కర్లేదు. తెగిన స్నాయువు కుట్టాక రోగిని వేలు ఆడించమని అడిగి, కుట్టు జారిందో నిలిచిందో అక్కడికక్కడే చూసుకోవచ్చు. వేళ్లకు రక్తం సరిగా అందని జబ్బులున్నవాళ్లకు మాత్రం ఇప్పటికీ జాగ్రత్త పాటిస్తారు.

సూది గుచ్చినప్పటి మంటకు కారణం కూడా ఈ తోడే. అడ్రినలిన్ ఆమ్లంలోనే చెడకుండా నిలుస్తుంది. అందుకని ఆ ద్రావణం పీహెచ్ 4 దరిదాపుల్లో ఉంచుతారు. మన ఒంటిది 7.4. గుచ్చిన చోట మంట పుడుతుంది. పైగా ఆమ్లంలో లిగ్నోకెయిన్ అణువులు ఎక్కువగా విద్యుదావేశంతో ఉంటాయి. ఆ రూపంలో అవి నరం పొరను దాటలేవు. ఒంటి పీహెచ్‌లో కూడా పావువంతు అణువులే దాటగల రూపంలో ఉంటాయి. వాడే ముందు పది మిల్లీలీటర్ల మందులో ఒక మిల్లీలీటరు సోడియం బైకార్బొనేట్ కలిపితే మంట స్పష్టంగా తగ్గుతుంది. చవక పద్ధతి, అయినా రద్దీగా ఉండే చోట దీన్ని తరచూ వదిలేస్తారు. వదిలేయకూడదనే నా మాట. కలిపింది వెంటనే వాడేయాలి, బ్యుపివకెయిన్‌లో కలిపితే విరిగిపోతుంది, అంతే. చీముపట్టిన పంటికి మత్తు ఎక్కకపోవడానికీ ఒక కారణం ఇదే ఆమ్లత్వం. వాచిన చోట పీహెచ్ పడిపోతుంది, మందు నరంలోకి దూరలేదు. అందుకే డాక్టరు వాపుకు దూరంగా, నరం మొదట్లో మత్తు ఇస్తారు. పంటి గుజ్జు వాచి సలుపుతున్నప్పుడు గంట ముందు ఐబుప్రొఫెన్ మాత్ర ఇస్తే మత్తు పట్టే అవకాశం పెరుగుతుందని అధ్యయనాలు చూపించాయి. కిడ్నీ జబ్బో, కడుపులో పుండో ఉన్నవాళ్లు ఆ మాత్ర సొంతంగా వేసుకోకూడదు.

ఇక వెన్నులో ఇచ్చే మత్తు. సిజేరియన్ గదిలో తల్లి మెలకువగా ఉండి బిడ్డ తొలి ఏడుపు వినగలుగుతోందంటే ఈ సూది వల్లే. వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలోకి బ్యుపివకెయిన్ సుమారు రెండు మిల్లీలీటర్లు ఇస్తారు. అందులో మిల్లీలీటరుకు 80 మిల్లీగ్రాముల డెక్స్ట్రోజ్ ఉంటుంది. చక్కెర వల్ల మందు ఆ ద్రవం కంటే బరువెక్కి, గ్లాసు నీళ్లలో పోసిన పాకం అడుక్కి దిగినట్టు, కిందికి దిగుతుంది. రోగిని పడుకోబెట్టే తీరుతో, బల్ల వంచే తీరుతో మందు ఎక్కడిదాకా పాకాలో మత్తు డాక్టరు నిర్ణయిస్తారు. 1907లో లండన్‌లో ఆర్థర్ బార్కర్ వెన్ను వంపులను పోలిన గాజు గొట్టం చేయించి, గ్లూకోజ్ కలిపిన మందు అందులో ఎటు జారుతుందో చూసి ఈ పద్ధతిని తేల్చాడు.

ఆ చక్కెర మందులోకే మన దగ్గర తరచుగా ఫెంటానిల్ కలుపుతారు, 10 నుంచి 25 మైక్రోగ్రాములు. గర్భసంచిని కదిలించేటప్పుడు లోపల లాగినట్టుండే అసౌకర్యాన్ని ఒంటరి బ్యుపివకెయిన్ పూర్తిగా అణచలేదు. వెన్నుపాములో నల్లమందు జాతి మందులకు స్పందించే గ్రాహకాలున్నాయి. ఫెంటానిల్ నేరుగా వాటి మీద పనిచేస్తుంది. 100 నుంచి 150 మైక్రోగ్రాముల మార్ఫిన్ కలిపితే ఆపరేషన్ తర్వాత దాదాపు ఒక రోజు నొప్పి అదుపులో ఉంటుంది. సిరలోకి ఇచ్చే మోతాదులో అది చాలా చిన్న భాగం. ముక్కు, ముఖం దురదపెట్టడం ఈ మందుల వల్లే. బాలింత గోక్కుంటుంటే ఇంట్లో వాళ్లు ఏదో పడలేదని కంగారుపడతారు. మార్ఫిన్ ఇచ్చినప్పుడు ఊపిరిని కొన్ని గంటలపాటు గమనించాల్సిన అవసరం మాత్రం నిజమైనదే.

వెన్నులో మత్తు ఎక్కగానే కాళ్లలో, పొట్టలో రక్తనాళాలను బిగించి ఉంచే నరాలు కూడా మొద్దుబారతాయి. నాళాలు వెడల్పై బీపీ పడిపోతుంది. గర్భిణికి పొట్ట బరువు పెద్ద సిర మీద పడటంతో ఇంకా పడుతుంది. తలతిరుగుతుంది, వాంతి వచ్చేలా ఉంటుంది. అందుకే మత్తు డాక్టరు చేతి దగ్గర మరో సిరంజి సిద్ధంగా ఉంటుంది. ఒకప్పుడు దాంట్లో ఎఫెడ్రిన్ ఉండేది, చైనా వైద్యంలో ఎన్నో శతాబ్దాలుగా వాడిన మొక్క నుంచి వచ్చిన మందు. అది మాయను దాటి బిడ్డ రక్తాన్ని కొంత ఆమ్లంగా మారుస్తుందని తేలాక ఇప్పుడు ఫినైలెఫ్రిన్‌కు మొదటి చోటు ఇస్తున్నారు. మన ఆస్పత్రుల్లో మెఫెంటెర్మిన్ వాడకమూ ఎక్కువే. నాడి మరీ మందగిస్తే అట్రోపిన్, వాంతికి ఆన్డాన్‌సెట్రాన్, పళ్లు కొట్టుకునేంత వణుకు వస్తే ట్రమడాల్. బల్ల మీద పడుకున్న తల్లికి ఇవేవీ కనిపించవు. పది నిమిషాల్లో ఆమె ఒంట్లోకి ఇన్ని మందులు, ఇంత చిన్న మోతాదుల్లో, ఒకదాన్ని ఒకటి సరిదిద్దుకుంటూ వెళ్లడం మత్తు వైద్యంలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించే సంగతి.

శుక్లం ఆపరేషన్‌లో సమస్య తిరగబడుతుంది. అక్కడ మందు ఒకచోట కుప్పగా నిలవకూడదు. కంటి వెనక చోటు ఇరుకు. కొద్ది మిల్లీలీటర్లు ఒకేచోట పేరుకుంటే కంటి మీద ఒత్తిడి పెరుగుతుంది, కండరాలకు హాని. 1928లో దురాన్ రేనాల్స్ అనే శాస్త్రవేత్త వృషణాల సారం ఎక్కించినవి కణజాలంలో వేగంగా పాకేలా చేస్తుందని గమనించాడు. కణాల మధ్య అతుకుగా ఉండే హయలురోనిక్ ఆమ్లాన్ని కరిగించే హయలురోనిడేజ్ అది. 1949 నుంచి కంటి మత్తులో దాన్ని కలుపుతున్నారు. ఆమ్లం ఒకటి రెండు రోజుల్లో మళ్లీ ఏర్పడుతుంది కాబట్టి హాని లేదు. 1990ల చివర్లో అమెరికాలో ఈ ఎంజైమ్ కొరత వచ్చినప్పుడు, అది లేకుండా మత్తు ఇచ్చిన కొందరికి ఆపరేషన్ తర్వాత ఒకటి రెండుగా కనిపించడం మొదలైందని వైద్యులు నివేదించారు. ఇవాళ చాలాచోట్ల సూదే లేకుండా ప్రొపరకెయిన్ చుక్కలతోనే శుక్లాలు తీస్తున్నారు. హాయిగా ఉందని ఆ చుక్కల సీసా ఇంటికి అడిగేవాళ్లుంటారు. పదేపదే వేసుకుంటే నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుంది కాబట్టి ఇవ్వరు.

భుజానికో మోచేతికో నరం దగ్గర ఇచ్చే మత్తును రాత్రంతా నిలపడానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వాడతారు. ఆరేడు గంటలు అదనంగా నిలుస్తుంది. దాన్ని నరం పక్కనే కలపనక్కర్లేదు, చేతి సిరలోకి ఇచ్చినా దాదాపు అంతే పనిచేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు రక్తంలో చక్కెర పెరుగుతుంది. డెక్స్‌మెడెటోమిడిన్, క్లోనిడిన్ కూడా మత్తును పొడిగిస్తాయి, నాడిని మందగింపజేస్తాయి. క్లోనిడిన్ మొదట ముక్కుదిబ్బడ కోసం తయారైన మందు. 1960ల మొదట్లో జర్మనీలో ఆ చుక్కలు వేసుకున్న ఒక ఉద్యోగిని రోజంతా నిద్రపోవడంతో దాని అసలు గుణం బయటపడింది. భయం తగ్గించడానికి ఇచ్చే మిడజొలామ్ గురించి ఒక్క మాట చాలు. అది నొప్పిని తగ్గించదు, నొప్పిని గుర్తుండకుండా చేస్తుంది. దాన్ని ఇచ్చి లిగ్నోకెయిన్‌లో పొదుపు చేయడం అన్యాయం.

ఇన్ని జాగ్రత్తల తర్వాతా మందు దారి తప్పి రక్తంలో పడవచ్చు. నోట్లో లోహపు రుచి, పెదవుల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, తర్వాత ఫిట్స్, ఆపైన గుండె. బ్యుపివకెయిన్ గుండె సోడియం మార్గాల్లో ఇరుక్కుంటే తేలిగ్గా వదలదు. 1979లో జార్జ్ ఆల్‌బ్రైట్ దీని గురించి హెచ్చరిక రాశాడు. చాలాకాలం విరుగుడు లేదు. 1990లలో షికాగోలో గై వైన్‌బర్గ్ చాలా తక్కువ బ్యుపివకెయిన్‌కే గుండె లయ తప్పిన ఒక రోగిని చూశాడు. ఆ రోగి ఒంట్లో కొవ్వును వాడుకోవడానికి కావలసిన కార్నిటిన్ తక్కువ. కొవ్వు ఎక్కిస్తే ఎలుకల గుండె బ్యుపివకెయిన్‌కు మరింత బలహీనపడుతుందని అనుకుని ప్రయోగం మొదలుపెట్టాడు. ఫలితం పూర్తిగా ఎదురైంది. కొవ్వు ఎక్కించిన ఎలుకలు ఎక్కువ మోతాదును తట్టుకున్నాయి. 1998లో దాన్ని ప్రచురించాడు. 2006లో న్యూయార్క్‌లో భుజానికి మత్తు ఇచ్చాక గుండె ఆగి, ఇరవై నిమిషాల ప్రయత్నానికీ లేవని రోగికి 20 శాతం కొవ్వు ద్రావణం ఎక్కించగానే గుండె మళ్లీ కొట్టుకుంది. నోటితో తినలేని రోగులకు ఆహారంగా సిరలోకి ఇచ్చే సోయా నూనె ద్రావణమే అది. రక్తంలో తిరుగుతున్న మందును అది తనలోకి లాక్కుని గుండె నుంచి దూరంగా తీసుకెళ్తుంది. కిలో బరువుకు ఒకటిన్నర మిల్లీలీటర్లు ముందుగా, తర్వాత నిమిషానికి కిలోకు పావు మిల్లీలీటరు. అప్పుడు గుండెను లేపడానికి ఇచ్చే అడ్రినలిన్ కూడా మామూలు కంటే చాలా తక్కువ మోతాదులో ఇవ్వాలి. తెల్లగా అలాగే కనిపించే ప్రొపొఫాల్ దీనికి బదులు కాదు. నరాలకు మత్తు ఇచ్చే ప్రతి చిన్న ఆస్పత్రిలోనూ ఈ సీసా ఉండాలి. ఖరీదైనదేమీ కాదు, లేకపోవడానికి సాకు లేదు.

వెన్నులో మత్తు తీసుకోబోయేవాళ్లు రక్తం పలుచన చేసే మందులు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. ఆస్పిరిన్‌కు మామూలుగా అడ్డు లేదు. క్లోపిడోగ్రెల్ అయిదు నుంచి ఏడు రోజులు ముందు ఆపాల్సి రావచ్చు, లేకపోతే వెన్నులో రక్తం గడ్డకట్టి నరాలను నొక్కే ప్రమాదం. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు దాన్ని సొంతంగా ఆపితే అంతకంటే పెద్ద ప్రమాదం, కాబట్టి గుండె డాక్టరూ మత్తు డాక్టరూ మాట్లాడుకుని చెప్పాలి.

ఇంటికి వచ్చాక నొప్పి మాత్రను మత్తు పూర్తిగా దిగకముందే వేసుకోవడం మంచిది. పారాసిటమాల్ పనిచేయడానికి అరగంటకు పైగా పడుతుంది, నొప్పి మొదలయ్యాక ఆ అరగంట చాలా పెద్దది. చిన్నపిల్లలకు అసలు ఇబ్బంది నొప్పి కాదు. పెదవి మొద్దుబారి ఉండగా ఏమిటో తెలియక నములుతారు, సాయంత్రానికి పెదవి చిట్లి వాస్తుంది. మత్తును త్వరగా దింపడానికి, వేళ్ల విషయంలో విరుగుడుగా చెప్పుకున్న ఫెంటోలమైన్‌నే 2008లో అమెరికాలో దంతవైద్యానికి అనుమతించారు. అడ్రినలిన్ బిగించిన నాళాలను వదులు చేసి, మందును రక్తం కడిగేసేలా చేస్తుంది. మన దగ్గర అది మామూలుగా దొరకదు. పిల్లవాడి పెదవికి స్పర్శ తిరిగి వచ్చేదాకా అన్నం పెట్టకుండా, పక్కనే కూర్చుని కనిపెట్టుకుని ఉండాలి.